తియ్యని రాయి

ఆపరేషన్ గదిలోంచి డాక్టరమ్మ అనుకున్న వేళకన్నా చాలా ముందే బయటికొచ్చింది. టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. పని తొందరగా తెమిలిందంటే బట్ట మంచిదన్నమాట. ఆవిడ వృత్తిలో లెక్క అది. మొగుడి కళ్ళజోడూ, మొగుడి చెప్పులూ, మొగుడి చొక్కా అన్నీ పోగుచేసుకుని, వాటితోపాటు మొగుణ్ణి కూడా ఇంటికి పట్టుకుపోదామని లేచి నిలబడింది.

"రాయి తియ్యలేదమ్మా," అంది డాక్టరమ్మ.

టైలరమ్మ ముందు తలూపింది. తర్వాత విన్నది. ఆ తర్వాత చెప్పులు మళ్ళీ కింద పెట్టింది.

రాయి తియ్యడానికే కదా తీసుకెళ్ళింది! మూత్రాశయంలో రాయి పెరిగిందనీ, మూత్రం వచ్చే దారినే సన్నటి గొట్టం పంపి, లేజరుతో దాన్ని పొడి చేసి కడిగేస్తామనీ, కోతా కుట్టూ ఏమీ ఉండవనీ ఈ డాక్టరమ్మే చెప్పింది. కోతా కుట్టూ లేకుండా పనెలా అవుతుందని టైలరమ్మకి అప్పుడే అనుమానం. ఇప్పుడు చూస్తే రాయి పొడి కాలేదు సరికదా, డాక్టరమ్మ నోట్లోంచి కూడా పొడి పొడి మాటలే రాలుతున్నాయి. తియ్యని రాయి ఇంత చేదుగా ఉంటుందని ఆవిడకి తెలీదు.

మనిషికేం ప్రమాదం లేదని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ తర్వాత జరిగింది చెప్పింది. లోపల బాగా కనపడాలని మూత్రాశయాన్ని నీళ్ళతో నింపారట. రాయి పక్కనే, గోడలో, ద్రాక్షపండంత ఉబ్బు కనిపించిందట. గొట్టం కొస దానికి అలా తగిలిందో లేదో, టైలరమ్మ మొగుడు మాస్టారి రక్తపోటు ఏ పోటీలోనో గెలవాలన్నట్టు పరుగెత్తిందట. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరు ఆపేసి బయటికి వచ్చెయ్యమన్నాడట. మందిచ్చి పోటు దించి, ఎక్కడి రాయి అక్కడే వదిలేసి వచ్చేశారట.

"అదొక కణితి అనుకుంటున్నాను. చాలా అరుదైన రకం," అంది డాక్టరమ్మ. కణితి అనగానే టైలరమ్మకి గణితం పరీక్షలో కూర్చున్నట్టయింది. జవాబు సంగతి తర్వాత, ప్రశ్నే అర్థం కాలేదు. డాక్టరమ్మ మటుకు నిజంగానే ఒక ప్రశ్న అడిగింది. మాస్టారికి మూత్రానికి వెళ్ళినప్పుడల్లా తలనొప్పీ గుండెదడా చెమటలూ వస్తుంటాయా అని. అలాంటిదేమీ లేదని టైలరమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. చెప్పేసి, డాక్టరమ్మ అటు వెళ్ళాక, బాత్రూం తలుపు పక్కన ఉండే ముక్కాలిపీట గుర్తొచ్చి అక్కడే కూలబడింది.

ఆ పీట మాస్టారిది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకు తొక్కడం ఆయన ఉద్యోగం. గేర్లు నేర్పే మనిషికి ఉండాల్సినంత గీర ఉంది గానీ, పెద్ద పెద్ద ఆశయాలేవీ పెట్టుకున్నవాడు కాదు. ఉన్న ఒకే ఒక్క ఆశయం మూత్రాశయం, దాంట్లోనూ రాయి పడింది. ఇంట్లో ఉన్నప్పుడు బాత్రూంలోంచి రాగానే ఆ పీట మీద కూర్చుని, గోడకి తలానించి, కళ్ళు మూసుకుని కాసేపు ఉండిపోతాడు. బట్టలు ఆరెయ్యమంటాననో, చెత్త పారబొయ్యమంటాననో ఆ వేషమని టైలరమ్మ గట్టి నమ్మకం. లోపలికి మొగుడు వెళ్తే బయటికి ముని వస్తాడని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

మాస్టారికి మత్తు దిగాక మంచం పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది. "ఏవండీ, బాత్రూంకెళ్ళినప్పుడు మీకు తల దిమ్మెక్కుతుందా?"

"ఎక్కుతుంది."

"గుండె దడ?"

"దడే. చెమట కూడా. కాసేపు కూచుంటే సర్దుకుంటుంది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది? అందరికీ అంతే కదా?"

"నాకు అలా ఉండదు."

మాస్టారు ఆలోచించాడు. ఆడవాళ్ళకి ఉండదేమో అన్నాడు. అనుమానం తీరక పక్క మంచం మీది పెద్దమనిషిని పిలిచి, దడ ఎంతసేపుంటుందండీ మీకు అని అడిగాడు. ఆ పెద్దమనిషి దడేమిటండీ, లోకంలో అంత హాయి ఇంకోటి లేదు అన్నాడు. మాస్టారు ఆయన వంక అపనమ్మకంగా, కాస్త అసూయగా కూడా చూశాడు. ఏళ్ళ తరబడి మగాళ్ళంతా తనలాగే ఓర్చుకుంటూ, మర్యాద కోసం బయటికి చెప్పుకోవడం లేదని ఆయన అభిప్రాయం.

రక్తపరీక్షలూ స్కానూ అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. భయమేసినా కోపమొచ్చినా ఒంట్లో ఒక రసం ఊరుతుంది, దాంతో గుండె పరుగెడుతుంది, రక్తపోటు లేస్తుంది. మాస్టారి కణితి ఆ రసాన్ని దాని ఇష్టం వచ్చినట్టు తయారుచేస్తోంది. మూత్రాశయం ముడుచుకున్నప్పుడల్లా కణితి నలుగుతుంది, రసం రక్తంలో కలుస్తుంది. అంటే మనిషి నిమ్మళంగా బాత్రూంలో నిలబడి ఉంటే, ఒంటికి మాత్రం వెనకాల పులి పడ్డట్టు ఉంటుంది. ఇన్నేళ్ళ రక్తపోటూ దాని చలవే. ఈసారి పొట్ట కింద కోసి, మూత్రాశయం గోడలో ఆ ముక్క వరకు కణితితో సహా తీసేసి, ఆ కోతలోంచే రాయి కూడా తీసేస్తారు.

మాస్టారికి మటుకు మొదటిసారి మధ్యలో ఆపేశారన్న బాధ పోలేదు. మలుపులో బండి వదిలేసేవాణ్ణి నేనైతే స్కూల్లోంచి పంపించేస్తాను డాక్టరుగారూ, అన్నాడు. డాక్టరమ్మ నవ్వి, మీ కాళ్ళ దగ్గర బ్రేకున్నట్టే నాకు తలవైపు మత్తు డాక్టరు ఉన్నారు, ఆయన తొక్కితే నేను ఆగాల్సిందే అంది. ఆ మాటతో మాస్టారు కొంచెం మెత్తబడ్డాడు.

ఇబ్బందంతా ఆ తర్వాత చెప్పినదాంతో వచ్చింది. ఆపరేషన్‌కి ముందు కొన్నాళ్ళు రక్తనాళాలు వదులయ్యే మాత్రలు వాడాలట. వాటితోపాటు ఉప్పు బాగా తినాలట, నీళ్ళు బాగా తాగాలట.

ఉప్పు! టైలరమ్మకి కుర్చీ కదిలినట్టయింది.

ఆ ఇంట్లో ఉప్పన్నది లేక చాలా ఏళ్ళయింది. మాస్టారి రక్తపోటు మొదటిసారి చూసిన పాత డాక్టరు టైలరమ్మని పక్కకి పిలిచి, మనిషి కావాలో ఉప్పు కావాలో తేల్చుకోమన్నాడు. ఆవిడ ఇంటికెళ్ళి ఉప్పు డబ్బా తీసి సింకులో బోర్లించింది. ఆయనకి వేరే, తనకి వేరే వండుకోవడానికి మనసొప్పక తనూ చప్పిడే తిన్నది. మాస్టారు ఆ చప్పిడి తిండిని చప్పుడు చెయ్యకుండా తినేవాడు. ఉప్పూ నిప్పులా ఉండే ఆలుమగలు ఎందరో ఉంటారు. ఈ ఇంట్లో ఉప్పు లేదు గనక నిప్పొక్కటే ఉండేది, అదీ పొయ్యిలో. మాస్టారి అక్కయ్య మాత్రం భోజనానికి వస్తే పొట్లంలో ఉప్పు తెచ్చుకునేది. పేరుకి వదినే గానీ పట్టుకున్నది వదిలే రకం కాదు. మరదలు అటు తిరగ్గానే తమ్ముడి కంచంలోకి చిటికెడు జారవేయబోయేది. రహస్యంగా ఉప్పందించేవాళ్ళ గురించి అందరూ వింటారు గానీ, నిజంగా ఉప్పే అందించిన ఘనత ఆవిడదే. టైలరమ్మ వెనక్కి తిరక్కుండానే ఆ చెయ్యి పట్టుకునేది.

అలా ఏళ్ళ తరబడి కాపలా కాసిన మనిషిని, ఇప్పుడు తలుపులు బార్లా తెరవమంటే? ఉప్పు తప్పని ఒక డాక్టరు, ఉప్పు ఒప్పని ఇంకో డాక్టరు. ఏ తప్పు ఒప్పుకోవాలి, ఏ ఒప్పు తప్పించుకోవాలి? మాత్రలిచ్చే నర్సుని అడిగితే డాక్టరుగారు చెప్పినట్టు చెయ్యండమ్మా అని వెళ్ళిపోయింది. ఏ డాక్టరుగారో చెప్పలేదు. పాత డాక్టరుని అడుగుదామంటే ఆయన ప్రాక్టీసు మానేసి ఊరొదిలి వెళ్ళిపోయాడు. చివరికి మందుల షాపులో నిలబడి, బి.పి. ఉన్న మనిషి ఉప్పు తినొచ్చా అని అడిగింది. కణితి ఊసెత్తలేదు, అంత మాట షాపులో నలుగురి మధ్య అనడానికి నోరు రాలేదు. షాపతను జడుసుకుని, ఎవరమ్మా మీకు చెప్పింది, ముట్టుకోవద్దు అన్నాడు. అడిగిన దానికి సరైన జవాబే చెప్పాడు. అడగాల్సింది అది కాదని అతనికెలా తెలుస్తుంది?

టైలరమ్మ తేల్చుకుంది. డాక్టరమ్మ మంచిదే, కానీ రోజూ వందమందిని చూస్తుంది. ఒకళ్ళకి చెప్పాల్సింది ఇంకొకళ్ళకి చెప్పి ఉంటుంది. మాత్రలు వేద్దాం, నీళ్ళు పోద్దాం. ఉప్పు సంగతి మటుకు నోటితో ఊ కొట్టి, చేత్తో మానేద్దాం. కుట్టడమే గానీ కుట్ర తెలియని చెయ్యి అది. మొదటిరోజు వడ్డించిన కూర సగం కంచం బయట పడింది.

"వేశావా?" అన్నాడు మాస్టారు, ఏళ్ళ ఆకలంతా గొంతులో పెట్టుకుని.

"వేశాను."

మాస్టారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. టైలరమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది. దొరికిపోయానే అనుకుంది. మాస్టారు మెల్లిగా కళ్ళు తెరిచి, "ఆహా," అన్నాడు. నాలిక మళ్ళీ పుట్టినట్టుందన్నాడు. ఇన్నాళ్ళూ ఉప్పూ కారం తినే మనిషినన్న సంగతే మర్చిపోయానన్నాడు. రెండోసారి వడ్డించుకున్నాడు. మర్నాడు గుడ్డు కూర తింటూ కొంచెం ఎక్కువైందేమో చూడు అన్నాడు. టైలరమ్మ సరేనని తలూపి వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు నిలబడింది. తిట్టినా బాగుండేది. ఆ మెచ్చుకోళ్ళు మింగుడు పడలేదు.

కొద్దిరోజులకి మాస్టారు రోడ్డు మీద పడ్డాడు. రిటైరైన లెక్చరరొకాయనకి కారు పార్కు చెయ్యడం నేర్పుతూ, చక్రానికీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఎంత ఎడం ఉందో చూద్దామని గబుక్కున దిగి నిలబడ్డాడట. నిలబడినవాడు నిలబడినట్టే కిందికి జారి, ఆ ఎడంలోనే కూర్చుండిపోయాడట. ఆ లెక్చరరే బండి మొదటి గేరులోనే నడుపుకుంటూ ఆస్పత్రి దాకా తెచ్చాడు. దారి పొడుగునా మాస్టారు స్పృహ వచ్చినప్పుడల్లా క్లచ్చు, క్లచ్చు అంటూనే ఉన్నాడని తర్వాత చెప్పాడు.

టైలరమ్మ మెడలో టేపుతో సహా పరుగెత్తుకొచ్చింది. అప్పటికి డాక్టరమ్మ మాస్టారిని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి రక్తపోటు చూసి, నుదురు రుద్దుకుంటోంది. నిలబడగానే బాగా పడిపోతోంది. ఉప్పు సరిగ్గా తింటున్నారా అని అడిగింది.

"తినడమా!" అన్నాడు మాస్టారు. "మా ఆవిడ చేతి కూర తింటే సముద్రపు ఒడ్డున ఉన్నట్టుంటుందండీ."

డాక్టరమ్మ ఇంకా తికమక పడింది. మాత్ర మోతాదు తగ్గిస్తే ఆపరేషన్‌లో మొదటిసారిలాగే రక్తపోటు ఎగురుతుంది, ఈసారి మనిషి తట్టుకోలేకపోవచ్చు. తగ్గించకపోతే ఇలా పడిపోతూనే ఉంటాడు. ఇంత ఉప్పు తిని కూడా ఇలా జరుగుతోందంటే తను అనుకున్నదాంట్లోనే ఏదో పొరపాటుందేమో, ఆపరేషన్ వాయిదా వేసి మళ్ళీ మొదట్నించి చూడాలేమో అంది. అని, మాత్రలు సగానికి తగ్గిద్దామంటూ కలం తీసింది.

డాక్టరమ్మ మొహంలో అయోమయం చూసి టైలరమ్మ ఒక్కసారి ఉలిక్కిపడింది. అది డాక్టరమ్మ అయోమయం కాదు. తన వంటింట్లో తయారైంది.

"ఉప్పు లేదు," అంది.

"ఎక్కడ?"

"కూరలో."

మాస్టారు నవ్వాడు. "ఊరికే అంటోందండీ. మొన్న గుడ్డు కూరలో కొంచెం ఎక్కువే అయింది."

"అందులోనూ లేదు."

"నిన్న సూపులో?"

"లేదండీ. ఒక్కరోజు కూడా వెయ్యలేదు."

మాస్టారు పెళ్ళాం వంక చూశాడు, డాక్టరమ్మ వంక చూశాడు, ఆఖరికి గోడకున్న మూత్రాశయం బొమ్మ వంక చూశాడు.

"మరి నేను మెచ్చుకున్నది దేన్ని?" అన్నాడు.

ఎందుకు వెయ్యలేదని డాక్టరమ్మ అడిగింది. గొంతులో కోపం లేదు. టైలరమ్మ మెడలో టేపు వేలికి చుట్టుకుంటూ, ఉప్పు పెడితే చచ్చిపోతారని ఇన్నాళ్ళూ నమ్మానమ్మా, ఒక్కరోజులో ఎలా మానను అంది. డాక్టరమ్మ కలం మూతపెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ రసం మూలంగా ఆయన రక్తనాళాలు ఇన్నేళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయి. బిగుతుకి తగ్గట్టే వాటిలో పారే రక్తమూ తగ్గిపోయింది. ఇప్పుడు మాత్రలు నాళాల్ని వదులు చేశాయి, లోపల నిండుగా ఉండాల్సింది మాత్రం లేదు. ఉప్పు నీళ్ళని పట్టి ఉంచితేనే అది నిండుతుంది. అందరికీ చెడు చేసేది ఈయనకి ఇప్పుడు కావాలి, మళ్ళీ కొన్నాళ్ళకి అక్కర్లేదు. ఇదంతా మొదటే నేను చెప్పాల్సింది, మీరు వింటున్నారు కదా అని తినమని మాత్రం చెప్పి ఊరుకున్నాను అంది. టైలరమ్మ, జాకెట్టు కుట్లు విప్పి వదులు చేశాక లోపల మనిషి లేకపోతే జారిపోయినట్టా అంది. అట్లాంటిదే అంది డాక్టరమ్మ.

ఆపరేషన్ తేదీ మారలేదు. మాస్టారే మారాడు. ఇంటికొచ్చే దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. గుమ్మం ముందు తాళం తీస్తుంటే అన్నాడు. "ఆపరేషన్ గది లోపల నాకు తెలివుండదు. బయట నా తరఫున వాళ్ళడిగే దానికి జవాబు చెప్పేది నువ్వే."

టైలరమ్మ తాళం తిప్పలేక తిప్పలేక తిప్పింది.

ఆ సాయంత్రం ఇంట్లోకి ఉప్పొచ్చింది. విషయం తెలిసి వదిన కూడా వచ్చింది. మా తమ్ముడికి నేను గోరంత వేస్తే హంతకురాలిని చూసినట్టు చూశావే మరదలా, ఇప్పుడు గరిటెతో వేస్తున్నావేం అని దెప్పి, తృప్తిగా కూర్చుంది. మాస్టారు అసలు ఉప్పు వేసిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మొహం వికారంగా పెట్టాడు. ఇదేం రుచి అన్నాడు. ఇన్నాళ్ళూ తన నోరు ఊహించుకున్న ఉప్పు ఇంత కరుగ్గా లేదట. అయినా మందులా మింగాడు. నీళ్ళు తాగాడు. మొగుడు లేచి నిలబడ్డప్పుడల్లా టైలరమ్మ రెండు చేతులూ చాపి నిలబడేది. ఆయన ఆ చేతుల్ని తాకకుండా నడిచి వెళ్ళేవాడు. పడిపోవడం తగ్గింది. మాటలు మటుకు పెరగలేదు.

రెండో ఆపరేషన్ రోజు డాక్టరమ్మ ఎంతకీ బయటికి రాలేదు. లోపల బట్ట చిరిగిందా, దారం తెగిందా అని టైలరమ్మ కూర్చున్న చోటే వందసార్లు చచ్చి బతికింది. మధ్యలో నర్సొచ్చి, నిన్న రాత్రి ఆయన ఏం తిన్నారు, మాత్ర ఎప్పుడు వేశారు, ఏదైనా మానేశారా అని మళ్ళీ అడిగింది. టైలరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. గిన్నెలో మిగిలిన ముద్దతో సహా చెప్పింది. ఆఖరికి డాక్టరమ్మ వచ్చింది. కణితిని కదిపినప్పుడు రక్తపోటు లేవబోయిందట, మత్తు డాక్టరు పట్టుకున్నాడట, అది విడిపోయాక దానంతటదే దిగిందట. కణితి వచ్చింది. రాయి కూడా వచ్చింది. పక్కకి పాకిన జాడేదీ కనపడలేదట, అయినా ఏటేటా పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలట. టైలరమ్మకి వాటిలో సగమే అర్థమైంది. ఆ సగం చాలింది.

ఆపరేషన్‌లో పెట్టిన మూత్రపు గొట్టం తీసేసిన రోజు మాస్టారు బాత్రూంకి వెళ్ళొచ్చి తలుపు దగ్గర అలా నిలబడిపోయాడు. కూర్చుంటారా అంది టైలరమ్మ. ఏమీ జరగలేదే అన్నాడాయన. ఎక్కడో పొరపాటు చేసి ఉంటానని మళ్ళీ లోపలికెళ్ళి, కాసేపటికి ఇంకా అయోమయంగా తిరిగొచ్చాడు.

ఇంటికి పంపేటప్పుడు టైలరమ్మ అడగాల్సింది అడిగింది. ఇక ఉప్పు వెయ్యాలా, మానాలా? మామూలుగా వెయ్యండి అంది డాక్టరమ్మ. మామూలుగా అంటే ఎంత అని అడగబోయి, వెనకాల వరసలో మనుషులున్నారని ఊరుకుంది.

వంటింట్లో ఆ మామూలు ఎక్కడా దొరకలేదు. చిటికెడు వేసింది. చాలదనిపించింది. ఇంకొంచెం వేసింది. ఎక్కువైందనిపించి కూరలో నీళ్ళు పోసింది, అప్పుడు అసలు వేశానా అని అనుమానం వచ్చింది. అలాగే వడ్డించింది. మాస్టారు కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి పెట్టలేదు.

"వేశావా?"

"వేశాను."

అదే మాట, అదే గొంతు. అప్పుడూ ఇలాగే అంది. మాస్టారు కంచం వంక చూశాడు. నోట్లో పెట్టుకుని చూద్దామంటే ఇదివరకు ఆ నోరే తనని మోసం చేసింది. కంచాన్ని బల్ల మధ్యకి జరిపాడు.

"నువ్వు తిని చెప్పు."

టైలరమ్మ ఎదురుగా కూర్చుని ఒక ముద్ద తిన్నది. నమిలింది. అబద్ధం చెప్పకూడదని ఇంకొంచెం నమిలింది.

"ఉన్నట్టే అనిపిస్తోంది," అంది. "ఒట్టేసి చెప్పలేను."

మాస్టారు అదే కంచంలోంచి ఒక ముద్ద తీసుకున్నాడు. చాలాసేపు ఆలోచించి, నాకూ అలాగే అనిపిస్తోంది అన్నాడు. మళ్ళీ ఒక ముద్ద ఆవిడ, మళ్ళీ ఒక ముద్ద ఆయన. సంగతి తేలకుండానే కంచం ఖాళీ అయింది.